అందరి యాత్ర

దేశాటనము వలన లోకజ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. పుస్తకమున పదిమారులు చదివిన కోటను ఒక్కమారు కన్నులార చూచినచో అది జన్మాంతము మనస్సున నిలిచిపోవును. కాని యాత్రకు ధనము కావలెను. ధనము గలవారు మాత్రమే యాత్రలు చేయవలెనా? లేనివారు ఇంటియొద్దనే ఉండి, వెళ్ళివచ్చినవారు చెప్పు ముచ్చటలు వినుచు తృప్తిపడవలెనా? ఈ ప్రశ్నకు నాకు సమాధానము నేర్పినది ఒక ఎనిమిదవ తరగతి. ఆ వృత్తాంతమే ఈ పాఠము.

2015వ సంవత్సరమున నేను గోదావరి తీరమందలి ఒక గ్రామమున ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై ఉంటిని. జూన్ మాసమున బడి తెరచిన కొలది దినములకే ఎనిమిదవ తరగతి విద్యార్థులు నలువదిమందియు నా గదికి వచ్చి, తమ్ము ఒక వారముపాటు చారిత్రక నగరములకును, కొండ ప్రాంతములకును తీసికొనిపోవలసినదిగా కోరిరి. నేను సంతోషించి, పట్టణమునందు యాత్రలు నడపు ఒక సంస్థవారిని విచారించితిని. బస్సు బాడుగ, బస, భోజనములు కలిపి తలకు 6,000 రూపాయలు అగునని వారు చెప్పిరి. ఆ మాటనే తరగతిలో ప్రకటించితిని.

మరునాటికి పదునేడుగురు పేర్లు ఇచ్చిరి. తక్కిన ఇరువదిముగ్గురు తలలు వంచుకొని కూర్చుండిరి. ముందు దినమున కేరింతలు కొట్టిన తరగతి ఆ దినమున రెండుగా చీలిపోయినట్లు నాకు తోచెను.

మా పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండు ఆమె కుమార్తె ఆ తరగతిలోనే చదువుచుండెను. గణితమున మిక్కిలి చురుకైనది. సాయంకాలము ఆమెను పిలిచి, "అమ్మా, నీవేల పేరు ఇయ్యలేదు? ఇంటిలో అడిగితివా?" అని ప్రశ్నించితిని.

"అడుగలేదండీ మాస్టరుగారూ. అడిగినచో మా అమ్మ అప్పు చేసియైనను పంపును. అందుచేతనే అడుగలేదు" అని ఆ బాలిక నెమ్మదిగా చెప్పెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. తప్పు నాదే. యాత్రకు ఎంత కావలెనో పరులను అడిగితిని గాని, మాకు ఏమి కావలెనో మేము ఆలోచించుకొనలేదు. మరునాడు తరగతికి పోయి, "నిన్నటి మాట మరచిపోండి. ఈ యాత్రకు పోయినచో నలువదిమందిమియు పోవుదము. లేనిచో ఒక్కరమును పోవలదు. ఎట్లు పోవలెనో మీరే లెక్క వేయుడు" అని చెప్పితిని.

బాలబాలికలారా! ఆ తరగతి లెక్క వేసిన విధము మీరు శ్రద్ధగా గమనింపవలెను.

మొదట వారు తాము చూడదలచిన స్థలముల పేర్లు నల్లబల్లపై వ్రాసిరి. హంపి, శ్రీశైలము, తిరుపతి, గోలకొండ, ఓరుగల్లు, అరకు అనుచు జాబితా పెరిగిపోయెను. అప్పుడు భారతదేశపు రైలు పటమును గోడకు తగిలించి, "ఒక్క త్రోవపై ఉన్నవి ఏవో చూడుడు" అంటిని. సికింద్రాబాదు, వరంగల్లు, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము ఒకే రైలుదారిపై ఉన్నవి. విశాఖనుండి మరియొక దారి కొండలపైకి, అరకునకు పోవును. ఆ దారికి దూరమైనవాటిని పిల్లలు తామే కొట్టివేసిరి. అన్నియు చూడవలెనని పరుగులెత్తువాడు ఏదియు చూడజాలడు. పైగా దారి ఖర్చు రెట్టింపగును. ఇది మొదటి సూత్రము.

పిదప ప్రయాణము సంగతి వచ్చెను. విద్యాయాత్రకు పోవు విద్యార్థులకు రైల్వేవారు రుసుములో రాయితీ ఇత్తురు. అందుకు పాఠశాలనుండి ధ్రువపత్రము వ్రాసి ముందుగా సమర్పింపవలెను. దూరపు ప్రయాణములు రెండింటిని రాత్రివేళ చేసినచో రెండు రాత్రులకు బస ఖర్చు ఉండదు. రెండు పగళ్ళు మిగులును. ఇది రెండవ సూత్రము.

కాలమును కూడ ఆలోచించిరి. వేసవిలో కోటల రాళ్ళపై కాలు పెట్టలేము. వానకాలమున కొండదారులలో చరియలు విరిగిపడు భయము కలదు. కావున డిసెంబరు మొదటి వారము తగినదని నిర్ణయించిరి. సాలార్జంగు ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవని తెలిసికొని, హైదరాబాదును వారము మొదటనే ఉంచిరి. పదునైదేండ్ల లోపు పిల్లలకు కేంద్ర పురావస్తు శాఖవారి కట్టడములలో ప్రవేశ రుసుము లేదని ఒక విద్యార్థి కనుగొనెను. ముందుగా విచారించుట వలన కలుగు లాభము ఎంతటిదో చూచితిరా!

ఇక భోజనము. భోజనశాలలలో తినినచో తలకు దినమునకు 200 రూపాయలకు తగ్గదని అందరును దిగులుపడిరి. అప్పుడు పైన చెప్పిన బాలిక లేచి, "మేము బస చేయునది పాఠశాలలలోనే కదండీ. ప్రతి పాఠశాలలోను మధ్యాహ్న భోజనము వండువారు ఉందురు. కూలి యిచ్చినచో వారే మనకు రాత్రి భోజనము వండుదురు. బడిలో ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యము కొలుతురు. ప్రయాణములో ఆకలి హెచ్చు గనుక 200 గ్రాములు వేసికొందము. ఉపాధ్యాయులతో కలిసి మనము నలువదినలుగురము. బసలో గడపు రాత్రులు అయిదు. మొత్తము 44 కిలోల బియ్యము చాలును. తలకొక కిలో మోసికొనిపోయినచో ఎవరికిని బరువు కాదు" అని చెప్పెను.

తరగతి అంతయు ఒక్కక్షణము నిశ్శబ్దమై, పిమ్మట చప్పట్లు చరచెను. ఆ క్షణముననే ఆమెను కోశాధికారిణిగా ఏకగ్రీవముగా ఎన్నుకొనిరి. పొదుపు అను విద్యను పేదయింటి పిల్లలు మనకంటె ముందుగనే నేర్చియుందురు. మనము అడుగుట లేదు, అంతియే.

చివరకు తలకు అయిన లెక్క ఇది:

రైలు రుసుములు — 460 రూపాయలు
బస్సులు, జీపులు — 400 రూపాయలు
భోజనము, ఏడు దినములకు — 630 రూపాయలు
బసకును, వంటవారికిని — 100 రూపాయలు
ప్రవేశ రుసుములు — 50 రూపాయలు
ఆపత్కాలపు నిధి — 160 రూపాయలు
మొత్తము — 1,800 రూపాయలు

నలువదిమందికి 72,000 రూపాయలు అయ్యెను. ఉపాధ్యాయుల ఖర్చు ఉపాధ్యాయులదే. ఆపత్కాలపు నిధి పేర ఉంచిన సొమ్ము వ్యర్థమని కొందరు బాలురు వాదించిరి. "ఖర్చులో సుమారు పదవవంతు చేతిలో ఉంచుకొననివాడు ఊరు దాటరాదు" అని నేను పట్టుపట్టితిని.

ధనమును కూర్చుటకు జూలై మొదలుకొని ఇరువది వారముల గడువు ఉండెను. నా గదిలో తాళము వేసిన ఒక డబ్బాను గోడకు బిగించితిమి. ప్రతి సోమవారము ప్రతి విద్యార్థియు ఒంటరిగా లోనికి వచ్చి, తన చేతనైనంత ఆ డబ్బాలో వేసి పోవలెను. వేసినది ఒక రూపాయ అయినను, నూరు రూపాయలైనను అడుగువారు లేరు, వ్రాయువారు లేరు. అట్లు 52,000 రూపాయలు చేరెను. బడితోటలో పెంచిన తోటకూర, గోంగూర, వంకాయలు అమ్మగా 5,000. పాత కాగితములు సేకరించి అమ్మగా 4,000. పూర్వవిద్యార్థులు తరగతికి కానుకగా ఇచ్చినది 11,000. లెక్క సరిపోయెను.

ఒక ఆదివారము రాత్రి రాజమహేంద్రవరమున రైలెక్కితిమి. తెల్లవారి సికింద్రాబాదున దిగి, బసలో స్నానాదులు ముగించుకొని, నగరపు బస్సులలో గోలకొండ చేరితిమి. కాకతీయుల కాలమున ఇది మట్టికోట. కుతుబ్షాహీ సుల్తానులు దీనిని దుర్భేద్యమైన రాతికోటగా మలచిరి. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద సగముమంది నిలిచి చప్పట్లు చరచగా, కొండపై బాలాహిస్సారునందు నిలిచిన తక్కినవారికి ఆ ధ్వని వినబడెను. భద్రాచల రామదాసు బంధింపబడెనని చెప్పు చెరసాలను చూచితిమి. 1687లో ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించియు ఈ గోడలను పడగొట్టలేకపోయెను; లోపలివాడొకడు తలుపు తెరచుట చేతనే కోట శత్రువుల వశమయ్యెను. కలిసియున్నంతవరకే కోటకు బలమని పిల్లలకు వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను.

మరునాడు చార్మినారు. మహమ్మద్ కులీ కుతుబ్షా 1591లో హైదరాబాదు నగరమును నిర్మించినప్పుడు దాని నడుమ ఈ కట్టడమును ఎత్తించెను. ప్రక్కనే లాడ్ బజారు. అక్కడి లక్క గాజుల తళతళలు చూచి బాలికలును, తినుబండారములు చూచి బాలురును నిలిచిపోయిరి. "ఆపత్కాలపు నిధి ఊరకే ఉన్నది గదా, తలకు ఏబది రూపాయలు పంచుము" అని కోశాధికారిణిని బతిమాలిరి. ఆమెకు కూడ గాజులపై మనసు లేకపోలేదు. అయినను, "ఆ సొమ్ము మనది కాదు, రాబోవు కష్టముది" అని సంచి ముడి విప్పలేదు. కొందరు అలిగిరి. సాలార్జంగు ప్రదర్శనశాలలో గంటగంటకు ఒక చిన్నబొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారమును చూచిన పిదపగాని వారి అలుక తీరలేదు. ఆ సాయంకాలమే బయలుదేరి వరంగల్లు చేరితిమి.

బుధవారము ఓరుగల్లు కోటను చూచితిమి. గణపతిదేవుడు రాతికోటను కట్టింపగా, ఆయన కుమార్తె రుద్రమదేవి దానిని పూర్తి చేయించెను. 1323లో ఢిల్లీ సైన్యములకు ఓరుగల్లు లొంగిపోయినది. కోట నడిబొడ్డున నున్న దేవాలయము శిథిలమైనను, నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నేటికిని నిలిచియున్నవి. సాయంకాలము హనుమకొండలో రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన వేయి స్తంభముల గుడిని దర్శించితిమి. కొందరు స్తంభములను లెక్కింపబోయి, లెక్క తప్పి, నవ్వుకొనుచు మరల మొదలుపెట్టిరి.

గురువారము ఉదయమున బస్సులో పాలంపేట పోయితిమి. అక్కడ రామప్ప దేవాలయము కలదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని 1213లో నిర్మించెను. దేవాలయము దానిని చెక్కిన శిల్పి పేర ప్రసిద్ధమైనదని పెద్దలు చెప్పుదురు. పునాదిలో ఇసుకను నింపుటయు, గోపురమున నీటిపై తేలునంత తేలికైన ఇటుకలను వాడుటయు ఇందలి విశేషములు. బరువు తగ్గించినచో పునాది చిరకాలము నిలుచునని ఆ శిల్పులు ఎరుగుదురు. 2021లో ఇది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. ఆ వార్త పత్రికలో చదివినప్పుడు నాకు ఆ నలువది ముఖములు కనులయెదుట నిలిచినవి.

ఆ గుడి నీడలో మైమరచి కూర్చుండగా మూడు గంటలు దాటెను. తిరుగుప్రయాణమునకు రావలసిన బస్సు రాలేదు. దారిలో ఎక్కడనో చెడిపోయి నిలిచినదని తెలిసెను. వరంగల్లు అక్కడికి సుమారు డెబ్బది కిలోమీటర్లు. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతమున మా రైలు. అది తప్పినచో నలువదినలుగురి టిక్కెట్లును వృథాయగును. విశాఖ లేదు, అరకు లేదు, ఇంటికి చేరుటయే కష్టము. పిల్లల ముఖములు వెలవెలబోయెను. నా గుండెయు కొట్టుకొనెను.

అప్పుడు కోశాధికారిణి సంచి ముడి విప్పెను. ఆపత్కాలపు నిధిలో 6,400 రూపాయలు ఉండెను. ఊరిలోనివారి సాయముతో వాహనములు మాటాడి, 4,500 రూపాయలు బాడుగ యిచ్చి, రైలు వచ్చుటకు పావుగంట ముందు వరంగల్లు స్టేషను చేరితిమి. లాడ్ బజారులో అలిగిన బాలురే ఆమె సామాను మోసి పెట్టెలోనికి చేర్చిరి. ఎవరును ఆ సంగతి మాటలలో చెప్పలేదు. చెప్పవలసిన అవసరమును లేకపోయెను.

శుక్రవారము విశాఖపట్టణము. మాలో సగముమంది అంతవరకు సముద్రమును చూచి ఎరుగరు. 1969 నుండి 2001 వరకు దేశమునకు సేవచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి లోనికి పోయి, నావికులు ఎంత ఇరుకున జీవింతురో చూచితిమి. పిమ్మట తొట్లకొండపై ప్రాచీన బౌద్ధ విహారముల శిథిలములను చూచితిమి. వాననీటిని నిలుపుకొనుటకు బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వలననే ఆ కొండకు ఆ పేరు వచ్చెను. వారును లెక్క వేసికొని బ్రదికినవారే.

శనివారము ఉదయమున కిరండోల్ ప్యాసింజరు ఎక్కితిమి. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున కొండలను తొలిచి ఈ దారిని వేసిరి. ఈ మార్గమున ఏబదికి పైగా సొరంగములు కలవు. సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు. వెలుగు రాగానే క్రిందనున్న లోయను చూచి నోళ్ళు మూసికొందురు. సుమారు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగుడ స్టేషను దాటి అరకు చేరితిమి. పసుపుపచ్చని వలిసె పూల చేలు కొండవాలున చీరలు ఆరవేసినట్లుండెను. నీడచెట్ల క్రింద కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగలు చూచితిమి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రాత్రి చలిమంట చుట్టును గిరిజన స్త్రీలు చేతులు కలిపి ధింసా నృత్యము చేయగా, మా బాలికలు వారితో అడుగు కలిపిరి. ఆ నృత్యమున ఒక్కరు చేయి వదలినను వరుస తెగిపోవును.

ఆదివారము బొఱ్ఱా గుహలు. ఇవి సున్నపురాతి గుహలు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు సున్నపురాతిని కొంచెము కొంచెముగా కరగించును. ఆ నీరు కప్పునుండి చుక్కచుక్కగా రాలునప్పుడు, కరిగిన సున్నము మరల గట్టిపడి, పైనుండి వ్రేలాడు కోనలుగను, క్రిందనుండి లేచు స్తంభములుగను ఏర్పడును. ఒక్కొక్క చుక్క విడిచిపోవునది కంటికి కనబడదు. అయినను యుగములు గడువగా మనిషిని మించిన శిలయై నిలుచును. "మన డబ్బా వలెనే ఉన్నదండీ" అని వెనుకనుండి ఎవరో అనగా అందరును నవ్విరి. ఏ చుక్క ఎంత సున్నము తెచ్చెనో ఆ శిల చెప్పునా?

ఆ రాత్రియే విశాఖనుండి రైలెక్కి ఇల్లు చేరితిమి. సోమవారము తరగతిలో కోశాధికారిణి లెక్క చదివి వినిపించెను. ఆపత్కాలపు నిధిలో 1,900 రూపాయలు మిగిలెను. తలకు 47 రూపాయల 50 పైసలు వచ్చును. పంచుకొందమా అని నేను అడిగితిని. నలువదిమందియు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. "వచ్చు సంవత్సరము ఎనిమిదవ తరగతివారి డబ్బాలో వేయుదమండీ" అని ఆ బాలిక చెప్పెను. అట్లే చేసితిమి.

బాలబాలికలారా! పొదుపు అనగా ఖర్చు చేయకుండుట కాదు. దేనికి ఖర్చు చేయవలెనో అందరును కలిసి ముందుగా నిర్ణయించుకొని, ఆ మాటపై నిలుచుట. లోభి తనకొరకు దాచుకొనును. పొదుపరి అందరికొరకు నిలుపును. మీరును యాత్ర తలపెట్టినప్పుడు మొదట "ఎంత అగును?" అని అడుగవలదు. "ఎవరు మిగిలిపోవుచున్నారు?" అని అడుగుడు. లెక్క అక్కడనుండి మొదలుపెట్టుడు.

ఆ ఇరువది వారములలో ఏ బిడ్డ ఎంత వేసెనో నాకు నేటికిని తెలియదు. నాకు తెలిసిన అంకె ఒక్కటే: పోయినవారు నలువదిమంది.

ప్రశ్నలు

1. మొదటి దినమున ఇరువదిముగ్గురు విద్యార్థులు ఏల పేర్లు ఇయ్యలేదు? ప్రధానోపాధ్యాయుడు తన తప్పును ఎట్లు గ్రహించెను?
2. "ఆ సొమ్ము మనది కాదు, రాబోవు కష్టముది." ఈ మాటలు ఎవరు, ఎప్పుడు పలికిరి? అవి ఎట్లు నిజమయ్యెను?
3. బొఱ్ఱా గుహలలో శిలాస్తంభములు ఏర్పడు విధమును వివరింపుడు.
4. మీ ఊరినుండి మూడు దినముల యాత్రకు స్థలములను ఎన్నుకొని, మీ తరగతి యంతయు పోవుటకు తగినట్లు ఆదాయవ్యయముల పట్టిక వ్రాయుడు.